పేరు లేని ముఖాలు: సునీల్ జానా ఫోటోలు

తెలంగాణ సాయుధ పోరాటం అనగానే చాలామంది కళ్ల ముందు మెదిలేది తుపాకులు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ల ఫోటో. పుస్తకాల అట్టల మీద, సభల ఫ్లెక్సీల మీద, గోడ పోస్టర్ల మీద అది మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది. ఇలాంటి పోరాట దళాల చిత్రాలు ఫోటోగ్రాఫర్ సునీల్ జానా పేరుతో ఇప్పటికీ అచ్చవుతున్నాయి. ఆ పోరాటంలో 1946 జులై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి, చాకలి ఐలమ్మ దొరకు ఎదురునిలిచి పంట దక్కించుకున్న పాలకుర్తి, మన ఊరు తరిగొప్పుల, మూడూ ఇప్పుడు జనగామ జిల్లాలోనివే. ఆ ఫోటోల వెనక ఉన్న మనిషి గురించి, ఆయన పద్ధతి గురించి, ఆయన మీద లేచిన ప్రశ్నల గురించి మాట్లాడుకోవాల్సిన వాళ్లలో మనం ముందుంటాం.

జానా 1918లో అస్సాంలోని దిబ్రూగఢ్‌లో పుట్టాడు, కలకత్తాలో పెరిగాడు. 1943లో బెంగాల్‌ను కరువు మింగేస్తున్నప్పుడు కమ్యూనిస్టు పార్టీ కార్యదర్శి పి.సి. జోషి ఆయన్ను, చిత్రకారుడు చిత్తప్రసాద్‌ను వెంటబెట్టుకుని ఊళ్లు తిరిగాడు. ఆ కరువులో దాదాపు 30 లక్షల మంది పోయారని అంచనా. చిత్తప్రసాద్ బొమ్మల పుస్తకాన్ని బ్రిటిష్ ప్రభుత్వం స్వాధీనం చేసుకుని ధ్వంసం చేసింది. జానా ఫోటోలు మాత్రం పార్టీ పత్రిక ‘పీపుల్స్ వార్’లో వచ్చాయి. చదువు పక్కనపెట్టి కెమెరా పట్టిన ఆ కుర్రవాడు ఒక్కసారిగా దేశమంతటికీ తెలిసిపోయాడు. పేరు తెచ్చిన ఆ పనే ఆయన్ను వేధించింది కూడా. చావుకు దగ్గరపడ్డ మనిషికి చెయ్యి అందించకుండా ఫోటో తీస్తూ నిలబడటం ఎంత బాధగా ఉండేదో తర్వాత ఆయనే చెప్పుకున్నాడు.

కరువును ఫోటో తీయడం ఆయనతో మొదలు కాలేదు. 1876–78లో మద్రాసు ప్రెసిడెన్సీని, అందులో మన కర్నూలు, కడప, బళ్లారి సీమల్ని ఊడ్చేసిన ధాత కరువును విల్లోబీ వాలెస్ హూపర్ అనే సైనికాధికారి ఫోటోలు తీశాడు. అప్పటిది తడి కొలోడియన్ పద్ధతి. గాజు పలకకు మందు పూసి, అది ఆరకముందే ఫోటో తీసి, వెంటనే కడగాలి. ఫోటో పడేదాకా ఎదుటివాళ్లు కదలకూడదు. ఆయన ఫోటోల్లో ఎముకల గూళ్లలాంటి మనుషులు వరసగా, గుంపుగా, కుదురుగా కూర్చోబెట్టినట్టు కనిపిస్తారు. బాధితులను రప్పించి, ఫోటో తీసుకుని, వచ్చినట్టే పంపేశాడని హూపర్ మీద ఆరోపణ ఉంది. ఒక ఫోటో కింద ‘ఉచిత సాయానికి అర్హులు’ అనే అర్థం వచ్చే మాట రాసి ఉంటుంది. పేరు లేదు, ఊరు లేదు. తర్వాత బర్మాలో ఖైదీలను కాల్చి చంపుతున్న క్షణాన్ని ఫోటో తీసినందుకు 1886లో విచారణ జరిగి మందలింపు కూడా తిన్నాడు. పలక తడి ఆరకముందే పని ముగించాలన్న తొందర ఆ పద్ధతిది. ఎదుటి మనిషిని ఒక రకంగా, ఒక నమూనాగా చూడటం మాత్రం ఆయన సొంతం.

జానా కాలానికి కెమెరా మారింది. 1940ల్లో పత్రికల ఫోటోగ్రాఫర్లు చాలామంది మెడలో వేసుకు తిరిగింది రెండు లెన్సుల కెమెరా. దాన్ని బొడ్డు దగ్గర పట్టుకుని, తల వంచి, పైనున్న గాజులోకి చూడాలి. అక్కడ కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తాయి. ఒక రీలుకు 12 ఫోటోలే. ఈ కెమెరా మనిషిని కింది నుంచి చూస్తుంది కాబట్టి, తల వంచేది ఫోటోగ్రాఫర్, ఎత్తుగా నిలిచేది కూలిమనిషి. జానా రైతుల ఫోటోలు చూడండి. మనిషి వెనక పొలమో జనమో కాదు, ఎక్కువసార్లు ఉత్త ఆకాశం ఉంటుంది. నిన్నమొన్నటిదాకా దొర ముందు నడుం వంచి నిలబడ్డ మనిషికి ఆ ఆకాశం ఇవ్వడం చిన్న పని కాదు. చీకటి గదిలో ప్రింటు వేసేటప్పుడు చేయి అడ్డుపెట్టి ముఖం మీద వెలుగు ఆపడం, ఆకాశాన్ని ఇంకాస్త నల్లబరచడం నలుపు తెలుపు ఫోటో విద్యలో సగం. ఆ విద్య తెలిసిన చేయి ఆయనది.

ఇక్కడే మొదటి ప్రశ్న వస్తుంది. ఈ ఫోటోలు ‘నిలబెట్టి’ తీసినవి కదా, నిజం ఎలా అవుతాయి? తుపాకులు పట్టుకున్న ఆ ఆడవాళ్లు కెమెరా కోసమే నిలబడ్డారు, అందులో దాపరికం లేదు. కానీ తమను ఎలా చూడాలో వాళ్లు నిర్ణయించుకుని నిలబడ్డారు. వెట్టిచాకిరి చేసిన ఇళ్ల ఆడవాళ్లు అలా నిలబడటమే ఆనాటి వార్త. జానాతో కలిసి దక్షిణాది కరువు ప్రాంతాల్లో తిరిగిన ‘లైఫ్’ పత్రిక ఫోటోగ్రాఫర్ మార్గరెట్ బుర్క్-వైట్ దేశ విభజన శరణార్థులను ఫోటో కుదిరేదాకా మళ్లీ మళ్లీ నడిపించిందని ఆమెతో ఉన్నవాళ్లు చెప్పారు. అది వేరు, ఇది వేరు. మనిషి తనంతట తాను నిలబడటాన్నీ, అలిసిపోయినవాణ్ని మనం నడిపించడాన్నీ ఒకే గాటన కట్టకూడదు.

రెండో ప్రశ్న బరువైనది. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ స్నేహంతో జానా ఆదివాసీ ప్రాంతాల్లో ఏళ్ల తరబడి తిరిగి తీసిన ఫోటోల్లో, ఒంటిపై బట్ట లేని ఆదివాసీ స్త్రీల చిత్రాలు చాలా ఉన్నాయి. 1949లో సత్యజిత్ రే రూపకల్పనతో వచ్చిన ‘ది సెకండ్ క్రీచర్’, 1993లో వచ్చిన ‘ది ట్రైబల్స్ ఆఫ్ ఇండియా’ పుస్తకాలు చూసినవాళ్లు, అవి అందంగా ఉన్నాయని ఒప్పుకుంటూనే ఇబ్బంది పడతారు. నా ఇబ్బంది బట్టల దగ్గర కాదు, కింద రాసిన మాటల దగ్గర. నాయకుల ఫోటోల కింద గాంధీ, నెహ్రూ, జిన్నా అని పేర్లున్నాయి. వీళ్ల ఫోటోల కింద ఫలానా తెగ అమ్మాయి, ఫలానా చోటి రైతు మహిళ అని ఉంటుంది. హూపర్ రాతకు ఇది మరీ దూరం కాదు.

దళాల ఫోటోలకు పేర్లు రాయకపోవడం అప్పట్లో వాళ్లకు రక్ష. 1948 సెప్టెంబరులో భారత సైన్యం దిగాక, 1951 అక్టోబరులో పోరాటం విరమించేదాకా, ఫోటో మీద పేరుంటే అది పోలీసుకు ఆనవాలే. ఆదివాసీ అమ్మాయి పేరు రాస్తే ఎవరికీ ప్రమాదం లేదు. అడగలేదు, అంతే. ఒకచోట పేరు దాచడం గౌరవం, మరోచోట పేరు అడగకపోవడం లోపం. జానాను ఇష్టపడేవాళ్లు ఈ లోపాన్ని కప్పిపుచ్చకూడదు. ఆయన్ను తిట్టేవాళ్లు, ఆ కాలంలో అంత శ్రద్ధగా కూలి మనిషి ముందు తల వంచిన కెమెరా ఇంకొకటి చూపించాలి.

మన దగ్గర అలా పేరు అడిగి చూపింది స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం. 1986లో వచ్చిన వాళ్ల పుస్తకం ‘మనకు తెలియని మన చరిత్ర’లో ఐలమ్మ, మల్లు స్వరాజ్యం, ఇంకా ఎందరో తమ పేరుతో, తమ మాటతో కనబడతారు. ఫోటోల్లోనైతే వరంగల్లుకు చెందిన గుడిమళ్ల భరత్ భూషణ్ గుర్తొస్తాడు. బతుకమ్మను, పల్లె ఇళ్లను, శ్రమ చేసే ఆడవాళ్లను దశాబ్దాలపాటు ఆయన తీశాడు, జబ్బుతో పోరాడుతూ కూడా. 2022 జనవరిలో కన్నుమూశాడు.

జానాకు 1972లో పద్మశ్రీ వచ్చింది. 2012లో పద్మభూషణ్ ప్రకటించారు. అదే ఏడాది జూన్‌లో అమెరికాలోని బర్క్లీలో 94 ఏళ్ల వయసులో పోయాడు. మన ఊళ్లలో పోరాట యోధుల సంస్మరణ సభలకు ఆయన ఫోటోలు పెద్దవి చేసి కడుతూనే ఉన్నాం, తీసినవాడి పేరైనా వేయకుండా. ఆ ఫోటోల్లోని ముఖాలను గుర్తుపట్టగల ముసలివాళ్లు కొద్దిమందే మిగిలారు. ఈసారి ఫ్లెక్సీ కొట్టించేముందు ఫోటో పట్టుకుని వాళ్ల ఇంటికి వెళ్దాం. ఎవరిదా ముఖం, ఏ ఊరు, ఎవరి బిడ్డ అని అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకుని, ఆ పేరు ఫోటో కిందే అచ్చు వేయిద్దాం.