పాత టిప్పు ఏం చెబుతోంది?

టైటానియం మిల్లింగ్‌కి ఏ గ్రేడు ఇన్సర్టు తీసుకోవాలని ఎవరైనా అడిగితే నేను ఎదురు ప్రశ్న వేస్తాను. ఇప్పుడున్నది ఎలా పోయింది, అరిగిందా, పెచ్చు ఊడిందా? చాలామంది దగ్గర జవాబుండదు. ఆ టిప్పు అప్పటికే తుక్కు డబ్బాలోకి చేరి ఉంటుంది.

హైదరాబాద్‌కి ఈ లోహం కొత్తేమీ కాదు. 1973లో ఏర్పడిన మిధాని సంస్థ కంచన్‌బాగ్‌లో టైటానియం మిశ్రమాలు తయారు చేస్తోంది. అయినా మన షెడ్లలో చేతులు ఉక్కుకే అలవాటు పడ్డాయి. ఉక్కు కోస్తే వేడి చాలావరకు చిప్పుతో పాటే ఎగిరిపోతుంది. టైటానియంలో ఎక్కువగా వాడే రకం ఆరు శాతం అల్యూమినియం, నాలుగు శాతం వెనేడియం కలిసినది. దాని ఉష్ణవాహకత మామూలు కార్బన్ ఉక్కులో ఏడో వంతు ఉంటుందంతే. వేడంతా అంచు దగ్గరే కూర్చుంటుంది. అందుకే ఉక్కు మీద నిమిషానికి 200 మీటర్లు నడిపిన చెయ్యి ఇక్కడ 50 దగ్గర ఆగాలి. ఖరీదైన గ్రేడు కొన్నామని ఈ వేగాన్ని రెట్టింపు చేయబోతే డబ్బులు దండగ.

కార్బైడ్ అంటే టంగ్‌స్టన్ కార్బైడ్ రేణువులను కోబాల్ట్ పట్టి ఉంచిన ముద్ద. కోబాల్ట్ తగ్గితే గట్టిదనం పెరుగుతుంది, ఎక్కువైతే దెబ్బకు ఓర్చుకుంటుంది. లేతు మీద ఆగకుండా సాగే కోతకి ఆరు శాతం కోబాల్ట్ ఉన్న సన్నరేణువు గ్రేడు బాగా నిలుస్తుంది. మిల్లింగ్ కథ వేరు. కట్టరు తిరిగిన ప్రతిసారీ పన్ను లోహంలోకి దిగుతుంది, బయటికొస్తుంది, కాలుతుంది, చల్లారుతుంది. పైగా టైటానియం అంచుకు అతుక్కుని, ఊడిపోయేటప్పుడు కాస్త కార్బైడ్‌ని కూడా పెరుక్కుపోతుంది. అక్కడ నా ఓటు పది శాతం కోబాల్ట్‌కే. రేణువు మైక్రాన్ కంటే సన్నగా ఉండాలి, అప్పుడు గట్టిదనం మరీ పడిపోదు.

స్టాకులో మిగిలాయి కదా అని ఉక్కు కోసం చేసిన గ్రేడ్లు, అంటే డబ్బా మీద నీలం రంగున్నవి, ఇక్కడ పెట్టకండి. వాటిలో కలిపే టైటానియం కార్బైడ్ ఈ పనికి కలిసిరాదు. పూత విషయంలోనూ నాది పాత పట్టుదల. మందపాటి సీవీడీ పూత కోసం అంచును గుండ్రం చేస్తారు, టైటానియానికేమో పదును కావాలి. పలచటి పీవీడీ పూత సరే, అసలు పూత లేకపోయినా సరే.

నా సొరుగులో వాడేసిన టిప్పులు చిన్న చిన్న పొట్లాల్లో ఉంటాయి. ఒక్కోదాని మీద వేగం, ఫీడు రాసి ఉంటాయి. పది రెట్ల భూతద్దంలో అంచు పొడవునా అరుగుదల సమంగా కనిపిస్తే గ్రేడు జోలికి పోను, వేగం కొంచెం తగ్గిస్తాను. పళ్లు ఊడినట్టు పెచ్చులుంటే మాత్రం కోబాల్ట్ ఎక్కువున్న గ్రేడు అడుగుతాను. అది అడిగే ముందు కోత దిశ కూడా చూసుకుంటాను. చిప్పు మందంగా మొదలై పలచగా ముగిస్తే అంచు లోహాన్ని సులువుగా వదిలి బయటికొస్తుంది. దీనికి ఎదురు దిశలో కోస్తే ఏ గ్రేడూ ఎక్కువసేపు ఆగదు.