కానాగడత తెలిసిన చేతులు

చోడవరంలో సముద్రం కనిపించదు, బెల్లం వాసనే ఎక్కువ. అయినా సముద్రం సంగతి తెలియాలంటే నేను చేపల బజారుకే వెళ్తాను. గంప ముందు కూర్చున్న పెద్దమ్మ మొప్ప ఎత్తి ఎరుపు చూస్తుంది, బొటనవేలితో పొట్ట నొక్కుతుంది. "ఇది నిన్నటిది బాబూ, వద్దు" అని తనే పక్కన పెట్టేస్తుంది.

ఆ చదువు పాతది. విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల మీద 1803లో ప్రకృతి శాస్త్రవేత్త ప్యాట్రిక్ రస్సెల్ పుస్తకం వేసినప్పుడు ఇక్కడివాళ్ళు పిలిచే పేర్లనే రాసుకున్నాడు. అలా మన కానాగడత చేప పేరు 'కనగుర్త'గా శాస్త్రనామంలోకి ఎక్కింది. ఎంత గొప్ప సంగతి!

ఆ కానాగడతే ఇప్పుడు నడత మార్చుకుంటోంది. పైనీరు వేడెక్కేసరికి చల్లదనం కోసం లోతుకు దిగుతోందనీ, అడుగును ఈడ్చే ట్రాల్ వలలకు మునుపటికంటే ఎక్కువగా చిక్కుతోందనీ కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు గమనించారు. ఒకప్పుడు ఎక్కువగా మలబారు తీరంలోనే దొరికిన నూనె కవ్వలు 1980ల తర్వాత తూర్పు తీరానికీ విస్తరించాయి.

గంపలోకి ఏది వచ్చినా పెద్దమ్మ చేతులు తడబడవు. కవ్వకు ఒక కోత, కానాగడతకు మరో కోత. వేళ్ళకు బూడిద అద్దుకుని, జారే చేపను కత్తిపీట మీద తిప్పుతుంటే కొనడం మరిచి చూస్తూ నిలబడిపోతాను.