చుట్టపుచూపుకూ ఒక పద్ధతుంది

ఏప్రిల్ నెలాఖరులో నెదర్లాండ్స్ వెళ్లాలంటే మా ఇంట్లో సంక్రాంతి ముగ్గులు చెరిగిపోకముందే పని మొదలవుతుంది. విమానం టికెట్లు డబ్బు పెడితే దొరుకుతాయి. మనుషుల సమయం అలా దొరకదు. మా ఆయనది ఆ దేశానికి ఉత్తరాన ఫ్రీస్‌లాండ్ ప్రాంతం, వర్కుమ్ దగ్గర ఒక పల్లె. ఉద్యోగానికని హైదరాబాద్ వచ్చి ఇక్కడే ఉండిపోయారు. జనవరిలో ఏదో ఒక ఆదివారం భోజనాల బల్ల మీద మే నెల క్యాలెండరు పరుచుకుని కూర్చుంటారు. ఎవరిని ఏ రోజు, ఏ పూట అడగాలో పెన్సిలుతో రాసుకుంటారు. తర్వాత ఒక్కొక్కరికీ విడివిడిగా ఉత్తరం రాస్తారు. అందరికీ కలిపి ఒకే సందేశం పంపడం ఆయనకు నచ్చదు, నాకూ నచ్చదు.

దూరదేశంలో బతికేవాళ్లు సొంతూరు వెళ్లి అయినవాళ్లను చూసిరావడం దానంతటదే జరిగిపోయే పని అనుకుంటాం. అది నేర్చుకోవలసిన విద్య. అది రాకపోతే ఊరంతా తిరిగొస్తాం గానీ మనిషినెవర్నీ చూసిరాం.

మొదటి చిక్కు సెలవులతో. తెలంగాణలో బడులకు సెలవులు ఏప్రిల్ చివర మొదలై జూన్ దాకా ఉంటాయి. నెదర్లాండ్స్‌లో వేసవి సెలవులు ఆరు వారాలు, అవీ జూలై, ఆగస్టుల్లో. దేశాన్ని ఉత్తరం, మధ్య, దక్షిణం అని మూడు ప్రాంతాలుగా విడదీసి, రోడ్లన్నీ ఒకేసారి కిక్కిరిసిపోకుండా సెలవుల తేదీలు వేరువేరుగా పెడతారు. బడి నడిచే రోజుల్లో పిల్లల్ని మాన్పించి విహారానికి తీసుకెళ్తే తల్లిదండ్రులకు జరిమానా పడుతుంది. అందుకని ఆ ఆరు వారాల్లోనే ఇల్లిల్లూ కారవాన్ తగిలించుకుని ఫ్రాన్సుకో, ఇంకెక్కడికో బయల్దేరుతుంది. జూలైలో వెళ్తే తాళం వేసిన తలుపులే పలకరిస్తాయి. మే నెలలో మనుషులుంటారు గానీ వాళ్లకు ఉద్యోగాలుంటాయి. మిగిలేవి సాయంత్రాలు, శనాదివారాలు. జనవరి ఉత్తరాలు అందుకే.

డచ్చివాళ్ల డైరీ గురించి మనవాళ్లలో చాలామంది కొంచెం చులకనగా మాట్లాడతారు. సొంత అక్క ఇంటికి వెళ్లడానికి కూడా ముందు రోజు ఖాయం చేసుకోవాలా అని. చాలా ఏళ్లుగా దగ్గర నుంచి చూసిన మీదట నా అభిప్రాయం వేరు. ఒక మనిషి తన డైరీలో మే 9 సాయంత్రం ఎనిమిదికి మన పేరు రాసుకున్నాడంటే ఆ సాయంత్రం ఇంకెవరికీ ఇవ్వడు. టీవీ ఆపేసి ఉంటుంది. ఫోను పక్క గదిలో ఉంటుంది. మనం వెళ్లేసరికి కాఫీ దిగుతూ ఉంటుంది. ఇంత పూర్తిగా మనకోసం ఎదురుచూసే ఇల్లు ఎక్కడున్నా గొప్పదే.

అక్కడ రోజుకు మూడు పూటలు చుట్టపుచూపుకు అనువైనవి. పొద్దున పదీ పదిన్నరకు కాఫీ, మధ్యాహ్నం మూడింటికి టీ, రాత్రి భోజనాలయ్యాక ఎనిమిదింటికి మళ్లీ కాఫీ. రాత్రి భోజనం సాయంత్రం ఆరింటికే అయిపోతుంది. భోజనానికి పిలిస్తే భోజనానికని స్పష్టంగా చెప్తారు. పిలవకపోతే అయిదున్నరకల్లా లేవాలి, లేకపోతే ఇంటావిడ లెక్కపెట్టి వండిన బంగాళాదుంపలు చాలవు. ఇది పిసినారితనం అనుకోను. ఎంతమంది వస్తారో అంతమందికి శ్రద్ధగా చేసిపెట్టే తీరు అది. కాఫీతో ఒక బిస్కెట్టు, కొంతసేపటికి రెండో కప్పుతో ఇంకొకటి. ఫ్రీస్‌లాండ్‌లో అయితే దాల్చినచెక్క వేసి, పంచదార పలుకులు కలిపి కాల్చిన రొట్టె ముక్క, దానిమీద మందంగా వెన్న. రెండో కప్పు దగ్గరే అసలు మాటలు మొదలవుతాయి.

విమానం దిగిన చోటే, స్కిపోల్ విమానాశ్రయం కిందే రైల్వేస్టేషన్ ఉంది. ఆ విమానాశ్రయమున్న నేల ఒకప్పటి హార్లెమ్ సరస్సు అడుగు. ఆవిరి యంత్రాలతో నీళ్లు తోడి 1852లో ఆరబెట్టారు. ఉత్తరానికి వెళ్లే రైలు ఫ్లేవోలాండ్ మీదుగా పోతుంది. 1932లో 32 కిలోమీటర్ల కట్ట కట్టి సముద్రాన్ని సరస్సుగా మార్చారు. ఆ సరస్సులోంచి 1957లో ఒక ముక్క, 1968లో ఇంకో ముక్క బయటికి తీశారు. అదే ఫ్లేవోలాండ్. మా అత్తయ్య బడికి వెళ్లే రోజుల్లో ఇప్పుడు రైలు నడుస్తున్న చోట నీళ్లు. లేలిస్టాడ్ నుంచి జ్వోలెకు నేరుగా రైలుదారి పడింది 2012 డిసెంబరులో. కొడుకు ఇంటికొచ్చే దారే మధ్యలో మారిపోయిందన్నమాట. లేవార్డెన్‌లో రైలు మారితే స్నేక్, ఐల్స్ట్, వర్కుమ్, హిండెలోపెన్, చివర స్టావొరెన్. స్నేక్ దాటేసరికి మా ఆయన నోట డచ్ ఆగిపోయి ఆ ప్రాంతపు భాష ఫ్రిషియన్ వస్తుంది. నాకు డచ్ మాట్లాడటం వచ్చు. ఫ్రిషియన్ వింటే అర్థమవుతుంది, అంతే.

విదేశాల్లో ఉండేవాళ్లలో ఈమధ్య ఒక అలవాటు బాగా పెరిగింది. ఊరి మధ్యలో ఒక కఫే చూసుకుని, ఫలానా శనివారం రెండింటి నుంచి అయిదింటి వరకు అక్కడుంటాం, వీలున్నవాళ్లు రండి అని కబురు పెడతారు. వచ్చింది ముప్ఫై మందైనా ఒక్కో మనిషికి దక్కేది ఆరు నిమిషాలు. ఇండియా ఎలా ఉంది, ఎండలెలా ఉన్నాయి, పిల్లలు ఎంత పెరిగారు. ఈ పద్ధతిని నేను ఒప్పుకోను. దేశం చూస్తే తెలంగాణలో సగం కూడా లేదు. ఉత్తరపు కొస నుంచి మరిది ఉండే మాస్ట్రిక్ట్ వరకు దేశమంతా దాటినా రైల్లో ఒక పూట. తిరగడానికి ఓపిక లేక వాళ్లనే మన దగ్గరికి రప్పించుకుంటే అది చూడ్డానికి వెళ్లడం కాదు, దర్శనమివ్వడం.

ఇంటికి వెళ్తేనే తెలిసేవి కొన్నుంటాయి. మా ఆయన చిన్ననాటి స్నేహితుడి ఇంట్లో మెట్ల పక్కన కొత్తగా పట్టుకునే కడ్డీ బిగించి ఉంది. భార్యకు నడక కష్టమవుతోందని ఉత్తరాల్లో ఎప్పుడూ రాయలేదు. కఫేలో కలిసి ఉంటే అతను చెప్పేవాడు కాదు, మేం అడిగేవాళ్లం కాదు. ఇంకో ఇంట్లో మేడమీద గది ఖాళీ చేసి ఉంది, కొడుకు వేరే కాపురం పెట్టాడు. అక్కడ దాదాపు ప్రతి ఇంటి మరుగుదొడ్డి గోడకూ పుట్టినరోజుల క్యాలెండరు వేలాడుతుంది. వారాలుండవు, తేదీలు మాత్రమే. అందుకే ఏళ్ల తరబడి అదే ఉంటుంది. మా పిల్లల పేర్లు ఆ గోడల మీద చదివినప్పుడు, ఏడు వేల కిలోమీటర్ల దూరంలో ఉన్నా వీళ్లు మమ్మల్ని లెక్కలోంచి తీసేయలేదని నాకు ధైర్యం కలుగుతుంది.

పిలిచేవాళ్లకూ ఒక నేర్పుంటుంది. మా ఆయన మేనత్తది హిండెలోపెన్. నేను కొత్తకోడలిగా వెళ్లినప్పుడు ఆవిడ కాఫీ ఇచ్చి, కోటు వేసుకుని, ఎక్కడికని చెప్పకుండా నన్ను ఆ ఊరి మ్యూజియానికి నడిపించుకెళ్లారు. అక్కడ గాజు బీరువాలో పాతకాలపు హిండెలోపెన్ స్త్రీల పొడవాటి పైకోట్లున్నాయి. బట్ట కోరమాండల్ తీరానిది. తీగలు, పూలు, మంజిష్ఠ ఎరుపు, నీలిమందు నీలం. పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల్లో డచ్చి కంపెనీ ఓడల్లో ఇక్కడి అద్దకం బట్టలు అక్కడికి చేరేవి. సముద్రయానంతో సంపన్నమైన ఆ చిన్న ఊరి ఆడవాళ్లు వాటినే తమ సంప్రదాయ దుస్తులుగా చేసుకున్నారు. సంతోషానికి ఎరుపు, సంతాపానికి నీలం. మా అమ్మమ్మది మచిలీపట్నం. కలంకారీ దుప్పట్ల మీద పడుకుని పెరిగినదాన్ని. ఆ సంగతి ఆవిడ మా పెళ్లికి ముందే మేనల్లుణ్ని అడిగి తెలుసుకున్నారట. వచ్చే మనిషికి ఏం చూపించాలో నెల ముందే ఆలోచించి పెట్టుకోవడం కంటే పెద్ద ఆతిథ్యం నేను ఎరగను. అప్పటి నుంచీ మా ఇంటికి ఎవరొస్తున్నా ముందు ఆ మనిషి గురించి ఒక విషయం కనుక్కుంటాను.

చూడ్డానికి వెళ్లడమనే అలవాటుకు అత్తయ్య ఇంట్లో పాత మూలమొకటి ఉంది. 1944-45 చలికాలంలో జర్మన్ల ఆక్రమణ కింద దేశపు పడమటి పట్టణాల్లో జనం ఆకలితో చనిపోయారు. అక్కడి పిల్లల్ని చాలామందిని తిండి దొరికే ఫ్రీస్‌లాండ్ పొలాలకు పంపారు. అత్తయ్య అప్పటికి పసిపిల్ల. వాళ్లింటికి అమ్‌స్టర్‌డామ్ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. యుద్ధం ముగిశాక వెళ్లిపోయింది గానీ పెళ్లయ్యాక, పిల్లలు పుట్టాక కూడా ఏటా ఒకసారి రైలెక్కి వచ్చేదట. ఆ యుద్ధంలో పోయినవాళ్లను తలుచుకుంటూ మే 4న ఊళ్లో జెండాలు సగానికి దించుతారు. రాత్రి ఎనిమిదింటికి దేశమంతా రెండు నిమిషాలు మౌనం. ఆ ఒక్క పూట ఎవరి డైరీతోనూ పని లేదు, ఊరంతా చర్చి దగ్గరుంటుంది. మా ఆయనకు ముప్ఫై ఏళ్లుగా మాట కలవని మనుషులు కూడా ఆ తర్వాత వచ్చి చెయ్యి కలుపుతారు. మా ప్రయాణం తేదీలు ఎలా అటూ ఇటూ జరిపినా ఆ సాయంత్రానికి ఊళ్లో ఉండేలా చూసుకుంటాం.

ఇక వదిన సంగతి. ఇదంతా రాస్తున్నది ఆవిడ గురించి చెప్పడానికే. మా ఆయన అక్క ఆ ఊరు వదిలి ఎక్కడికీ పోలేదు. 2015లో ఆ దేశంలో దీర్ఘకాల సంరక్షణ చట్టాలు మారాయి. పాత తరహా వృద్ధాశ్రమాలు అంతకుముందు నుంచే ఒక్కొక్కటిగా మూతపడుతూ వచ్చాయి. వయసు మళ్లినవాళ్లు వీలైనంత కాలం సొంతింట్లోనే ఉండాలి, కుటుంబం, ఇరుగుపొరుగు చెయ్యందించాలి అన్నది విధానం. వినడానికి బాగుంటుంది. ఆచరణలో ఆ కుటుంబం అంటే దగ్గర్లో ఉన్న కూతురు. మునిసిపాలిటీ పంపే సాయపు మనిషి వారానికి కొన్ని గంటలు అత్తయ్య ఇల్లు తుడిచి వెళ్తుంది. మిగతాదంతా వదినదే. మందులు, కళ్లడాక్టరు, బ్యాంకు కాగితాలు, రాత్రి ఫోను.

ఊళ్లో పండగలా దిగే కొడుకుకు తల్లి ముఖంలో వెలుగు కనిపిస్తుంది. రోజూ వచ్చే కూతురికి అది కనబడదు. ఇది మన ఊళ్లలోనూ ఉన్నదే. అమెరికా నుంచి కొడుకొచ్చాడని బొబ్బట్లు చేయించి, కాళ్లు పిసికిన కూతురికి పొయ్యి దగ్గరి పని చెప్పే ఇళ్లు నాకు తెలుసు. దూరాన ఉన్నవాళ్లు ఇంటికెళ్లినప్పుడు తల్లిదండ్రులను చూడాలి, నిజమే. అక్కడే ఉండిపోయిన తోబుట్టువును అంతకంటే ముందు చూడాలి. ఆ మనిషి మోస్తున్నది కొన్నాళ్లయినా మన భుజానికి మార్చుకోవాలి. నా దృష్టిలో మంచి ప్రయాణానికి కొలత ఇదే.

మామయ్య సమాధి విషయంలో ఇది ఇంకా బాగా అర్థమైంది. నెదర్లాండ్స్‌లో సమాధి స్థలం సాధారణంగా గడువు మీద ఇస్తారు. సొంత సమాధి అయితే చాలాచోట్ల ఇరవై ఏళ్లకు. గడువు తీరేముందు హక్కుదారుకు ఉత్తరం వస్తుంది. రుసుము కట్టి పొడిగించుకోవచ్చు. ఎవరూ పొడిగించకపోతే ఆ చోటు ఖాళీ చేసి ఇంకొకరికి ఇవ్వొచ్చు. హక్కు ఒక్కరి పేరు మీదే ఉంటుంది. మామయ్యది వదిన పేరు మీద ఉంది. ఉత్తరం వచ్చాక ఆవిడ తమ్ముళ్లిద్దరికీ ఫోనులో చెప్పలేదు. మేం వెళ్లేదాకా ఆగి, రెండో కప్పు కాఫీ పోస్తూ బల్లమీద పెట్టింది. ముగ్గురూ మాట్లాడుకుని పదేళ్లకు పొడిగించి, డబ్బు మూడు వాటాలు వేసుకున్నారు. ఆ తర్వాత మా ఆయన, రాయి మీద పట్టిన పాచి కడగడం, అంచున గడ్డి కత్తిరించడం ఎన్నాళ్లకోసారి చేస్తున్నావని అడిగారు. నెలకు రెండుసార్లని వదిన చెప్పింది. ఆ పనికి వాటాలు వేసుకోవాలని అంతవరకూ ఎవరికీ తోచలేదు.

దూరంగా ఉన్నందుకు ఆయనకూ కొంత నష్టం ఉంది. అక్కడి ప్రభుత్వ వృద్ధాప్య పింఛను యాభై ఏళ్ల నివాసం మీద లెక్కగడతారు. దేశం బయట గడిపిన ఒక్కో ఏడాదికి 2 శాతం తగ్గుతుంది. ఆ లెక్క ప్రభుత్వమే చేసిపెడుతుంది. అక్కడే ఉండిపోయిన వదినకు మనం పడ్డ బాకీ ఎవరూ కాగితం మీద పెట్టి పంపరు.

ఈ ఏడాది క్యాలెండరులో మొదటి శనాదివారాలు వదినకని రాశాం. ఆవిడ, ఆవిడ భర్త హార్లింగెన్ నుంచి ఫెర్రీ ఎక్కి టెర్స్‌హెల్లింగ్ దీవికి వెళ్తారు. మేం అత్తయ్య దగ్గర ఉంటాం. కాఫీలకు, కబుర్లకు ఆ రెండు రోజులూ ఎవరినీ అడగలేదు. ఏ మందు ఏ పూట వెయ్యాలో, సాయపు మనిషి ఎన్నింటికి వస్తుందో, అత్తయ్యకు రాత్రి నిద్ర పట్టకపోతే ఏం చెయ్యాలో రాసి పంపమన్నాం. వదిన పంపింది, రెండు పేజీలు, చిన్న అక్షరాలతో.