ధుస్కా వేసే చెయ్యి

గోడకు సైకిల్ చక్రం, పైన లాంతర్లు వేలాడదీసి వీధి తిండిని ఏసీ గదిలో వడ్డించడం ఇప్పటి మోజు. హాయిగా కూర్చోవచ్చు, కాదనను. కానీ జంషెడ్‌పూర్‌లో, బారిడీహ్ వైపు వెళ్తే, నా ఓటు మూకుడు ముందు నిలబడి ధుస్కా వేసే మనిషికే.

బియ్యం, శనగపప్పు నానబెట్టి రుబ్బిన పిండితో వేసేది ధుస్కా. కాగిన నూనెలోకి గరిటెతో ఒక్క ఊపున జార్చాలి. పలచనైతే చెదిరిపోతుంది, మరీ చిక్కనైతే లోపల పచ్చిగా మిగులుతుంది. నూనె కాక సరిపోతే పిండి తనంతట తానే తేలి పొంగుతుంది. అప్పటిదాకా గరిటె కదపకుండా ఆగడమే అసలు పనితనం. దానికి గడియారం ఉండదు, నూనె చప్పుడే గుర్తు. పక్కన శనగల ఘుగ్నీయో, ఆలూ కూరో.

1907లో ఏర్పడిన టాటా ఉక్కు కంపెనీ పనికోసం బిహారీలు, బెంగాలీలు, ఒడియాలు, మన శ్రీకాకుళం వాళ్లు జంషెడ్‌పూర్ చేరారు. ఇక్కడి ధుస్కాతో పాటు లిట్టీ, గుప్‌చుప్, ఇడ్లీ ఒకే ఊళ్లో దొరకడం వాళ్ల చలవే.

అలంకరణ ఉన్నచోట తిన్నా సరే, వంటగది వైపు ఓసారి చూడండి. ధుస్కా మాత్రం వేడిగానే తినండి, చల్లారితే సాగుతుంది.