‘డ్రీమ్’ గానసంపుటము: సమ్మేళనమున శ్రుతిమర్యాద

మా జిగణి ప్రాంతపు తెలుగు కుటుంబములలో మాండొలిన్ శ్రీనివాస్ గారు వాయించిన కీర్తనలు నేటికిని వినబడుచుండును. కాని కెనడా దేశీయుడగు మైకేల్ బ్రూక్‌తో కలసి ఆయన రూపొందించిన ‘డ్రీమ్’ను ఎరిగినవారు అరుదు. పీటర్ గేబ్రియల్ స్థాపించిన రియల్ వరల్డ్ సంస్థ దానిని 1995లో వెలువరించినది. అది సంకరమని త్రోసివేయువారు కలరు. విశ్వసంగీతమని పొగడువారును కలరు. ఇరువురును వినవలసినంత వినలేదని నా యభిప్రాయము.

సంకరమనువారు మొదట మాండొలిన్‌నే ఆక్షేపింపవలసి యుండును. అది ఇటలీ నుండి వచ్చిన వాద్యము. 1969లో పాలకొల్లున జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ దానిని కర్ణాటక సంగీతమునకు లొంగదీసెను. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు, చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు, మాండొలిన్ వాదకులు కారు. ఆయన పాడెడివారు; బాలుడు ఆ పాటను తీగెలపై పలికించెడివాడు. జంటతీగెల స్థానమున అయిదు ఒంటితీగెలను బిగించి, విద్యుచ్ఛక్తితో నాదమును పెంచి, గమకములకు చోటు కల్పించుకొనెను. గాత్రమే ప్రమాణము; వాద్యము దాని ననుసరించినది.

ఇక బ్రూక్ విషయము. ఆయన నిర్మించిన ‘ఇన్ఫినిట్ గిటార్’ పై మీటిన స్వరము వాదకుడు కోరునంతసేపు నిలుచును. మాండొలిన్ స్వరమో, మీటిన వెంటనే క్షీణించును. పుట్టి అణగిపోవు నాదమును, అణగని నాదమును ఇట్లు జతగూర్చుట యాదృచ్ఛికము కాదు. శ్రీనివాస్ గారి స్వరము విరమించిన తావున బ్రూక్ నాదము తంబురావలె నిలిచి, వెనుకటి స్వరమును మన చెవికి మరల అందించును. సంపుటమునందలి ఉత్తమ ఘట్టములు ఇవియే.

కాని లోపమును చెప్పకతప్పదు. ఇది స్టూడియోలో పొరపై పొరగా పేర్చిన రచన. నాదపు తెర పెక్కుచోట్ల దట్టమై, రాగము విప్పుకొనుటకు వలసిన శూన్యమును మ్రింగివేయును. మాండొలిన్ ప్రశ్నించును, బదులు పలుకువారు కానరారు. మనోధర్మము సంభాషణను కోరును గాని, అందమైన పరిసరమును మాత్రమే కాదు.

పోలికకు పారశీక విద్వాంసుడు హుసేన్ అలీజాదే, అర్మేనియా వాదకుడు జీవన్ గాస్పర్యాన్ కలసి 2003లో టెహరాన్‌లోని నియావరాన్ ప్రాసాదమున జరిపిన కచేరీని గ్రహింతము. ‘ఎండ్లెస్ విజన్’ పేర వెలువడిన ఆ సంపుటము గ్రామీ పురస్కారమునకు ప్రతిపాదింపబడినది. దుదుక్ అను అర్మేనియా వాద్యము నేరేడుజాతిది కాదు, ఆప్రికాట్ కొయ్యతో చేసినది. ఒకడు పాటను వాయించుచుండగా, వేరొకడు ఊపిరి తెగనీక ఒకే స్వరమును నిలుపును. మన నాదస్వరమునకు ఒత్తు పట్టువానిని చూచినవారికి ఇది వింతగా తోపదు. పారశీక సంగీతమునందలి కొన్ని స్వరాంతరములు మన పండ్రెండు స్వరస్థానములలో ఇమడవు. అయినను అక్కడ ఒకరు వాయించునప్పుడు మరియొకరు ఆగి వినుట స్పష్టముగా తెలియును. ‘సారీ గెలిన్’ వంటి పాటను అర్మేనియనులు, అజర్‌బైజానీలు, పారశీకులు తమ తమ భాషలలో పాడుకొందురు. పొరుగువారి రాగము వారికి ముందే పరిచితము. శ్రీనివాస్, బ్రూక్‌లకు అట్టి పూర్వపరిచయము లేదు. కావున ‘డ్రీమ్’ను ఆ కొలతతోనే కొలుచుట కొంత అన్యాయమే.

కన్నడ, తమిళ పదముల నడుమ తెలుగు నేర్చు పిల్లలకు బోధించువాడను గనుక, కలయిక అనగానే నాకు భీతి కలుగదు. పొరుగుమాట వచ్చి చేరుటవలన తెలుగు చెడదు. తన వాక్యమును తాను కట్టుకొనలేనప్పుడు చెడును. ‘డ్రీమ్’లో శ్రీనివాస్ గారి వాక్యము చెడలేదు. అది పూర్తి యగుటకు తగిన తావు మాత్రము దొరకలేదు.

ఆ తావు ఆయనకు తరువాత దొరకినది. జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుసేన్, సెల్వగణేశ్‌లతో కూడిన ‘రిమెంబర్ శక్తి’ బృందపు ‘ది బిలీవర్’ 2000లో వెలువడినది. అందు గిటారు అడుగును, మాండొలిన్ బదులు చెప్పును, తబలా రెంటిని కవ్వించును. శ్రీనివాస్ గారు 2014లో దివంగతులైరి. ఆయన సమ్మేళన సంగీతమును తెలియగోరువారు ముందుగా ‘ది బిలీవర్’ విని, పిదప ‘డ్రీమ్’కు రావలెనని నా సూచన, అప్పుడు ఆ నాదపు తెర వెనుక మాండొలిన్ ఏమి చెప్పబోయెనో చెవికి చిక్కును.