స్తంభానికి చుట్టాల్సిన డ్రాగన్

చైనా పాత తివాచీల ఫొటోలు మ్యూజియం వెబ్‌సైట్లలో మొదటిసారి చూసినప్పుడు నాకు పెద్దగా నచ్చలేదు. ఇంజనీరు బుద్ధి కదా, ముందు అంగుళానికెన్ని ముడులో చూశాను. పేరున్న ఇరాన్ తివాచీల ముందు ఇవి మోటు. పైగా నింగ్‌షియా ప్రాంతానివని చెప్పే ఒక పొడుగాటి తివాచీలో డ్రాగన్ ముక్కలు ముక్కలుగా ఉంది. నడుము కుడి అంచున తెగిపోయి, మిగతా ఒళ్ళు ఎడమ అంచున మొదలవుతోంది. బగ్ అనుకున్నాను.

బగ్ నాది. అది నేలమీద పరిచేది కాదు, బౌద్ధాలయంలో స్తంభానికి చుట్టేది. రెండు అంచులూ కలిస్తే డ్రాగన్ అతుక్కుంటుంది; అడుగున నేసిన అలల్లోంచి, కొండల్లోంచి లేచి స్తంభాన్ని చుట్టుకుంటూ పైకి పోతుంది. మొత్తం డ్రాగన్ని ఒకే చోట నిలబడి చూడలేం, చుట్టూ తిరగాలి. ముడులు తక్కువైతే సన్నని గీతలు రావు నిజమే. కానీ దీపాల వెలుతురులో, నాలుగడుగుల దూరంనుంచి చూసే బొమ్మకి సన్నని గీతలెందుకు? ఆ నేతగాడికి గుడి తెలుసు, వెలుతురు తెలుసు. నాకు తెలిసింది స్క్రీనొక్కటే.

ఇది అర్థమయ్యాక నాకు సిగ్గేసింది మాత్రం మా ఇంటి జంపఖానా విషయంలో.

అది వరంగల్‌ది. 1953 దాకా ఖమ్మం కూడా వరంగల్ జిల్లాయే, మా పాల్వంచ ఇళ్ళలోకి అక్కడి జంపఖానాలు రావడంలో వింతేం లేదు. వాటికి 2018లో జీఐ గుర్తింపు వచ్చిందని తెలిశాక నాకు హఠాత్తుగా ప్రేమ పుట్టింది. చిరుగులు లేని భాగం కత్తిరించి, అద్దం బిగించి హైదరాబాద్ ఫ్లాట్‌లో గోడకి తగిలించాను.

జంపఖానాకి తివాచీలా నూగు ఉండదు. పేక నూలు పడుగుని పూర్తిగా కప్పేస్తుంది కాబట్టి రెండువైపులా ఒకటే బొమ్మ. ఒకవైపు మాస్తే తిరగేస్తాం. నేను అద్దం బిగించి ఒక వైపుని చంపేశాను. ఇక ఆ అడ్డచారలు! శ్రీరామనవమికి భద్రాచలంలో కల్యాణం చూసి చుట్టాలంతా మా ఇంట్లో దిగేవాళ్ళు. పిల్లలం ఒక్కో చారమీద ఒక్కొక్కళ్ళం కూర్చునేవాళ్ళం. ఎరుపు చార కోసం కొట్లాట. నేసినాయన అలా అనుకుని నేశాడని అనను, కానీ వరస కట్టి కూర్చునే జనానికి అంతకన్నా కుదిరిన డిజైన్ నేనింకా చూడలేదు. గోడమీద ఆ చారలు వట్టి చారలు. బాగానే ఉంటాయి, ఏ దుకాణం పోస్టరైనా అంతే బాగుంటుంది.

నాయనమ్మ ఫ్లాట్‌కి వచ్చినప్పుడు ఫ్రేమ్‌ని చాలాసేపు చూసింది. మెచ్చుకుంటుందనుకున్నాను.

"గోడకెక్కించావు సరే, మిగిలిన ముక్క ఏదిరా? నలుగురన్నా కూసోను పనికొస్తదా?"