గుడ్డు దగ్గర మొదలుపెట్టండి

సగం మనిషి, సగం డ్రాగన్ అయిన జాతిని కథలోకి తేవాలని ఉత్సాహపడే కొత్త రచయితలు ఈమధ్య తమ రాతప్రతులు నాకు చూపిస్తున్నారు. చాలావాటిలో మొదటి పేజీలోనే పొలుసుల రంగు, రెక్కల వెడల్పు, నోటి మంట ఎంత దూరం పోతుందన్న లెక్క కనిపిస్తాయి. ఆ జాతిలో పిల్ల ఎలా పుడుతుందో, దాన్ని ఎవరు సాకుతారో పదో పేజీకి వచ్చినా తెలియదు. నేనూ అలాంటి జాతితోనే ఒక నవల రాస్తున్నాను. ఆ పని నాకు నేర్పిన సంగతి ఒకటుంది. ఒంట్లో చేసిన ప్రతి మార్పూ వంటింటిదాకా, పెళ్లి పందిరిదాకా, రచ్చబండదాకా వెళ్లాలి. అంతవరకూ వెళ్లని పొలుసు వేషం కిందే లెక్క.

అందుకే నేను గుడ్డు దగ్గర మొదలుపెడతాను. డ్రాగన్ అంశ ఉన్నప్పుడు సరీసృపాల పోలిక రాక తప్పదు. ఆ పోలిక నేర్చుకోవడానికి నిజమైన జంతువులను మించిన గురువులు లేరు. మొసళ్లలో పిల్ల ఆడో మగో తేల్చేది గుడ్డు ఉన్న చోటి వేడి. గుడ్డు లోపలి నుంచి పిల్లల అరుపు వినగానే తల్లి మొసలి గూడు తవ్వి, వాటిని నోట కరుచుకుని నీళ్లకు చేరుస్తుంది. ఇండోనేషియాలోని కొమొడో డ్రాగన్ అనే పెద్ద బల్లి తీరు ఇందుకు పూర్తిగా వేరు. దాని పిల్లలు పెద్దవాటికి ఆహారమైపోకుండా మొదటి కొన్నేళ్లు చెట్ల మీదే బతుకుతాయి. మగదాని తోడు లేకుండానే ఆడ కొమొడో పిల్లల్ని కనగలదని 2006లో ఇంగ్లండ్ జంతు ప్రదర్శనశాలల్లో తేలింది. వీటిలో ఏ ఒక్కదాన్ని తీసుకున్నా ఒక సమాజం మొత్తం మారిపోతుంది.

మొసలి నియమాన్ని నేను నా జాతికి తెచ్చుకున్నాను. వాళ్ల ఊరికి ఏటి ఒడ్డున ఒకటే ఇసుక దిబ్బ. ఊరి గుడ్లన్నీ అక్కడే పూడ్చాలి. ఇసుక ఎంత మందాన కప్పాలో, ఏ పూట పక్కకు తీయాలో చూసే ముసలావిడ ఒకామె ఉంటుంది. ఆ ఏడు ఊళ్లో ఆడపిల్లలు ఎక్కువ పుట్టాలా, మగపిల్లలా అన్నది ఆమె చేతిలోని పని. కాబట్టి ఊరిపెద్ద మాటకన్నా ఆమె మాటకే బరువెక్కువ. గుడ్లన్నీ ఒకచోటే ఉంటాయి గనుక ఏ పిల్ల ఎవరిదో ఎవరికీ తెలియదు. ఇంటిపేరు తండ్రి నుంచి రాదు, దిబ్బలో గుడ్డును పూడ్చిన వరస నుంచి వస్తుంది. ఒకే వరసలో పుట్టినవాళ్లకు పెళ్లి కుదరదు. తగాదాలు పొలం గట్ల మీద కాదు, ఇసుక మీద వస్తాయి. యుద్ధానికి మగవాళ్లు కావాలనుకున్న దొర ఒకడు ముసలావిడను బెదిరించి ఇసుక వేడి మార్పించడంతో నా నవల మొదలవుతుంది. ఈ కథ కోసం నేను ఎక్కడా వెతకలేదు. గుడ్డును వదలకుండా పట్టుకుని కూర్చుంటే అదే వచ్చింది.

రెక్కల విషయంలో ప్రకృతి చాలా కఠినంగా ఉంటుంది. సుమారు 60 లక్షల ఏళ్ల కిందట అర్జెంటీనాలో ఎగిరిన ఆర్జెంటావిస్ అనే పక్షి బరువు దాదాపు 70 కిలోలని అంచనా. అంటే ఒక మనిషంత. ఆ బరువు మోయడానికి దానికి ఆరేడు మీటర్ల రెక్కలు కావలసి వచ్చాయి. మీ పాత్రకు అంత రెక్కలు పెడితే ఇంటి గుమ్మం, పడుకునే మంచం, బజారు వీధి అన్నీ కొత్తగా కట్టాలి. ఆ పాత్ర బిందెడు నీళ్లతో ఎగరగలదా అని కూడా ఆలోచించాలి. మంత్రబలంతో ఎగురుతుందని రాసినా తప్పులేదు. అప్పుడు ఆ మంత్రం ఎవరికి వస్తుంది, ఎవరికి రాదు అన్న ప్రశ్న ముందుకొస్తుంది. నా జాతికి నేను రెక్కలు పెట్టలేదు.

దానికి బదులు చల్లని నెత్తురు ఇచ్చాను. అలాంటి ఒంటికి తిండి తక్కువ చాలు, మొసలి నెలల తరబడి తినకుండా ఉండగలదు. కరువు వస్తే పక్క ఊరి మనుషులు వలస పోతారు, వీళ్లు కదలరు. అయితే చలికాలం తెల్లవారుజామున వీళ్లకు కాళ్లూ చేతులూ ఆడవు. ఎండెక్కేదాకా ఊరు ఊరంతా రాతి పలకల మీద పడుకుని ఉంటుంది. ఆ వేళ దాడి చేసినవాణ్ణి వాళ్ల ధర్మం ఎన్ని తరాలైనా క్షమించదు. మూతికి పెదవులు లేవు కాబట్టి ప, ఫ, బ, భ, మ వాళ్ల నోట పలకవు. వాళ్లలో ఒకామె మనిషి పిల్లను పెంచుకుంటుంది. ఆ పిల్ల రోజంతా అమ్మా అని పిలుస్తుంది, తల్లి మాత్రం ఆ పిలుపును తిరిగి పలకలేదు. ఈ ఇద్దరి మధ్య సన్నివేశాలు రాస్తున్నప్పుడే సగం మనిషి అనే మాటకు అర్థం నాకు పూర్తిగా తెలిసింది.

ఈ దారిలో ముందు నడిచినవాళ్లు ఉన్నారు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో డ్రాగన్‌బోర్న్ అనే జాతి 2008 నాటి ముఖ్య గ్రంథంలోనే చోటు సంపాదించింది. 2014 నాటి కూర్పు ప్రకారం వీళ్లు గుడ్డు నుంచి బయటపడిన కొద్ది గంటలకే నడుస్తారు, మూడేళ్లకు మనిషి పదేళ్ల పిల్లంత అవుతారు, పదిహేనుకు పెద్దవాళ్లవుతారు. వంశానికి గౌరవంగా దాని పేరు ముందు, సొంత పేరు తర్వాత చెప్పుకుంటారు. ఇంటిపేరుతో పేరు మొదలుపెట్టే మనకు ఈ గౌరవం ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. మూడేళ్లకే పదేళ్లంత ఎదిగిపోయే బాల్యంలో ఆటలేమిటి, చదువేమిటి అన్నది ఆడేవాళ్లు ఊహించుకోవచ్చు. రచయితకు ఆ వెసులుబాటు లేదు, తానే చెప్పాలి.

మార్గరెట్ వీస్, ట్రేసీ హిక్‌మన్ 1984లో మొదలుపెట్టిన డ్రాగన్‌లాన్స్ నవలల్లో డ్రాకోనియన్లు ఉంటారు. మంచి డ్రాగన్ల గుడ్లను దొంగిలించి, వాటిని క్షుద్రశక్తితో చెరిపి తయారుచేసిన సైన్యం అది. తమ గుడ్లు శత్రువు చేతిలో ఉన్నాయి గనుకే మంచి డ్రాగన్లు యుద్ధానికి దూరంగా ఉండిపోతాయి. అక్కడ రాజకీయమంతా గుడ్డు చుట్టూనే తిరుగుతుంది. ఉర్సులా లె గ్విన్ మరో వైపు నుంచి వచ్చింది. 1990లో వచ్చిన టెహాను నవలలో మనుషులూ డ్రాగన్లూ ఒకప్పుడు ఒకే జాతి అన్న కథను తెచ్చింది. 2001 నాటి ది అదర్ విండ్‌లో ఆ విడిపోవడానికి మూలమైన ఒప్పందాన్ని విప్పింది. ఒకరు ఆస్తినీ చేతిపనినీ ఎంచుకున్నారు, మరొకరు స్వేచ్ఛను. ఆమె రచనలో సగం జాతి అంటే రెండు ఇష్టాల మధ్య నలిగే బతుకు.

మనకు ఆస్తీకుడు ఉన్నాడు. నన్నయ తెలుగు చేసిన ఆదిపర్వంలోనే అతని కథ ఉంది. నాగులు డ్రాగన్లు కారు, అయినా సగం జాతి సమస్యను ఇంత సూటిగా పట్టుకున్న కథ నాకు మరొకటి కనబడలేదు. తల్లి వాసుకి చెల్లెలు, తండ్రి ముని, ఇద్దరి పేరూ జరత్కారువే. తక్షకుడి కాటుకు తండ్రి పరీక్షిత్తును పోగొట్టుకున్న జనమేజయుడు సర్పయాగం చేస్తుంటే ఆస్తీకుడు అక్కడికి వెళతాడు. తండ్రి వైపు నుంచి వచ్చిన చదువు అతనికి యాగశాలలో గౌరవం తెస్తుంది. తల్లి వైపు నుంచి వచ్చిన బంధుత్వం ఏ వరం కోరాలో చెబుతుంది. యాగం ఆగిపోతుంది, మేనమామల వంశం నిలుస్తుంది. అతనిలోని ఏ సగాన్ని తీసేసినా కథ నడవదు. అతని ఒంటి మీద పొలుసులు ఉన్నాయో లేవో ఎవరూ అడగరు.

తెలుగులో ఫాంటసీ రాస్తున్న మిత్రులకు నా మనవి ఇదే. బొమ్మ గీయకముందు కొన్ని ప్రశ్నలకు జవాబులు రాసుకోండి. గుడ్డు ఎక్కడ పెడతారు, దాన్ని ఎవరు కాస్తారు? చలికాలం ఏం తింటారు? ఏ శబ్దాలు పలకలేరు? ఇంటిపేరు ఎవరిది? రెండు జాతులకూ యుద్ధం వస్తే ఆ బిడ్డ ఎవరి పక్కన నిలబడుతుంది? చివరి ప్రశ్నకు జవాబు సులువుగా దొరికితే మళ్లీ మొదటి ప్రశ్నకు వెళ్లండి. జవాబు రాసేటప్పుడు మీ చెయ్యి ఆగిపోతే అక్కడి నుంచే కథ మొదలుపెట్టండి.